బాణం ఎవరి వంతు చూపిస్తోంది? పొజెషన్ యారో లెక్క తప్పకుండా చూసుకునే పద్ధతి

బాస్కెట్‌బాల్ కోర్టులో ఇద్దరు ఆటగాళ్లు ఒకే బంతిని గట్టిగా పట్టుకుని చెరోవైపు గుంజుతుంటారు. విజిల్ పడుతుంది. రెఫరీ రెండు బొటనవేళ్లూ పైకెత్తి, స్కోరర్ టేబుల్ వైపు ఒకసారి చూసి, ఒక రింగు వైపు వేలు చూపిస్తాడు. టేబుల్ మధ్యలో ఎర్రగా వెలుగుతున్న బాణం ఎటు చూపిస్తే అతనూ అటే చూపించాడు. చూసేవాళ్లకి అది రెండు మూడు సెకన్ల పని. ఆ బాణం ఆ క్షణంలో సరైన వైపు ఉండాలంటే మాత్రం, ఆట మొదలైన దగ్గర్నుంచి టేబుల్ దగ్గర ఒకరు, కోర్టులో ఇద్దరో ముగ్గురో ఒకే లెక్కని జారిపోకుండా పట్టుకుని ఉండాలి. ఆ లెక్క ఎలా పట్టుకోవాలో, ఎక్కడ జారుతుందో ఇక్కడ వివరంగా చూద్దాం.

ఇందులో చెప్పేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం. మన దగ్గర ఫెడరేషన్ కింద జరిగే పోటీలన్నీ ఆడేది వాటితోనే. అమెరికా పద్ధతుల్లో కొన్ని తేడాలున్నాయి, వాటిని చివర్లో చూద్దాం.

వంతు అంటే ఏమిటి

ఒకప్పుడు బంతి ఎవరిదో తేలని ప్రతిసారీ ఇద్దర్ని నిలబెట్టి, మధ్యలో బంతి పైకి ఎగరేసి జంప్ బాల్ వేసేవాళ్లు. పొడుగువాడున్న జట్టుకి ప్రతిసారీ లాభమే. పైగా బంతిని నిటారుగా ఎగరెయ్యడం అందరు రెఫరీలకీ ఒకేలా కుదరదు. అమెరికా కాలేజీ ఆటలో 1981-82 సీజన్ నుంచి వంతుల పద్ధతి వచ్చింది. ఫీబా 2000ల మొదట్లో తీసుకుంది. ఇప్పుడు ఫీబా ఆటలో మామూలుగా జంప్ బాల్ పడేది ఒక్కసారే, మొదటి క్వార్టర్ ఆరంభంలో. ఆ తర్వాత బంతి ఎవరిదో తేలనప్పుడల్లా ఒకసారి వీళ్లకి, ఒకసారి వాళ్లకి త్రో-ఇన్ (లైన్ బయట నుంచి బంతి లోపలికి వెయ్యడం) ఇస్తారు. తర్వాతి వంతు ఎవరిదో ఆ జట్టు దాడి చేసే రింగు వైపు తిరిగి ఉన్న బాణం చెబుతుంది.

అంటే బాణం చూపించేది దిక్కు, చెప్పేది జట్టు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం తప్పులు జరుగుతాయి, ముఖ్యంగా హాఫ్ టైమ్‌లో.

బాణం ఎప్పుడు చూడాలి

హెల్డ్ బాల్ అందరికీ తెలిసిందే: రెండు జట్ల ఆటగాళ్ల చేతులూ బంతి మీద గట్టిగా బిగిసి, మొరటుగా లాగితే తప్ప ఎవరికీ దక్కని స్థితి. బంతి బయటికి పోయి చివరగా ఎవరు తాకారో రెఫరీలకి తేలకపోయినా, ఇద్దరు రెఫరీలు చెరొక మాట చెప్పినా బాణమే. బంతి రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుంటే బాణమే, అది ఫ్రీ త్రోల (ఫౌల్‌కి శిక్షగా అవతలి జట్టుకిచ్చే షాట్ల) మధ్యలోనో, చివరి ఫ్రీ త్రో తర్వాత ఎలాగూ త్రో-ఇన్ ఉన్న సందర్భంలోనో కాకపోతే. చివరి ఫ్రీ త్రో పడనప్పుడు రెండు జట్లూ వయొలేషన్ (ఫౌల్ కాని రూలు తప్పు) చేస్తే బాణమే. రెండో క్వార్టర్ నుంచి ప్రతి క్వార్టర్ ఆరంభంలోనూ, ఓవర్ టైమ్ ఆరంభంలోనూ బాణమే.

కాస్త ఆలోచించాల్సింది డబుల్ ఫౌల్ దగ్గర. ఇద్దరి మీదా ఫౌల్ పడి శిక్షలు రద్దయిపోయాయి. అప్పుడు బంతి ఒక జట్టు కంట్రోల్‌లో ఉంటే వాళ్లకే త్రో-ఇన్, బాణంతో పని లేదు. షాట్ కొట్టి బంతి గాలిలో ఉండగా రింగు దగ్గర ఇద్దరు తోసుకుంటే? బంతి చెయ్యి వదిలాక అది ఏ జట్టు కంట్రోల్‌లోనూ ఉండదు. ఆ షాట్ పడకపోతే బాణం చూడాలి. పడితే మామూలుగా షాట్ కొట్టని జట్టు బేస్‌లైన్ నుంచి బంతి వేస్తుంది. కాబట్టి డబుల్ ఫౌల్ పిలిచిన వెంటనే టేబుల్ వైపు తల తిప్పకుండా, ముందు బంతి ఎక్కడుందో తోటి రెఫరీని అడగాలి.

మొదటి బాణం పెట్టడం

ఆట మొదలయ్యే ముందు బాణం ఏ వైపూ ఉండకూడదు. ఎలక్ట్రానిక్ యారో అయితే ఆర్పి ఉంచాలి, అట్టదైతే బోర్లా పడుకోబెట్టాలి. టాస్ వేసిన వెంటనే, అంటే జంప్ బాల్‌కి బంతి ఎగరెయ్యగానే, స్కోరర్ చెయ్యి స్విచ్ మీదికి పోతుంది, అక్కడే ఆగాలి. కంట్రోల్ అంటే బంతిని చేత్తో పట్టుకోవడం లేదా డ్రిబుల్ చేయడం. జంపర్ బంతిని వెనక్కి తట్టడం కంట్రోల్ కాదు, ఇద్దరు ముగ్గురి వేళ్లకి తగిలి దొర్లడమూ కాదు. కోర్టులో ఒకరి చేతిలో బంతి నిలిచాకే, ఆ జట్టు కాకుండా అవతలి జట్టు పేరున బాణం పెట్టాలి. టాస్‌లో బంతి దక్కనివాళ్లకి మొదటి వంతు.

చాలామంది తొందరపడే సందర్భం ఒకటుంది. జంపర్ బంతిని నేరుగా లైన్ బయటికి కొట్టేశాడు. అవతలి జట్టుకి త్రో-ఇన్ ఇచ్చారు. స్కోరర్ ‘బంతి నీలం వాళ్లకి వెళ్లింది, కాబట్టి బాణం ఎరుపుకి’ అని వెంటనే పెట్టేస్తాడు. అది తప్పు. లైన్ బయట నిలబడి బంతి పట్టుకోవడం కోర్టులో కంట్రోల్ కిందికి రాదు. ఆ త్రో-ఇన్‌ని ఎరుపు జట్టు మధ్యలో అందుకుంటే బాణం నీలానికి పోవాలి. బంతి లోపలికొచ్చి ఒకరి చేతిలో పడేదాకా బాణం ఆరిపోయే ఉండాలి.

టాస్ తట్టాక, ఎవరికీ దక్కకముందే ఇద్దరు పట్టుకుని హెల్డ్ బాల్ అయితే? ఇంకా వంతులు మొదలవలేదు కాబట్టి బాణం వాడడానికి లేదు. ఆ పట్టుకున్న ఇద్దరి మధ్యే సెంటర్ సర్కిల్‌లో మళ్లీ జంప్ బాల్ వెయ్యాలి. గడియారంలో పోయిన సెకన్లు పోయినట్టే.

బాణం ఎప్పుడు తిప్పాలి

మొత్తం విషయంలో బరువంతా ఇక్కడుంది. రెఫరీ వేలు చూపించినప్పుడు తిప్పకూడదు. ఆటగాడి చేతికి బంతి ఇచ్చినప్పుడు తిప్పకూడదు. అతను బంతి విసిరినప్పుడూ తిప్పకూడదు. విసిరిన బంతిని కోర్టులో ఉన్న ఆటగాడు ఎవరైనా, ఏ జట్టువాడైనా, రూలు ప్రకారం తాకిన క్షణంలో తిప్పాలి. వంతు ఖర్చయ్యేది అప్పుడే.

పాస్ నేల మీద పడి దొర్లుతుంటే ఇంకా ఎవరూ తాకలేదు కాబట్టి వంతు ఖర్చు కాలేదు. స్కోరర్ కళ్లు ఆ బంతి వెంటే వెళ్లాలి. వేలు తగిలిందా, అయిపోయింది, తిప్పాలి. ఆ తగిలింది అవతలి జట్టు డిఫెండర్ చెయ్యైనా సరే. డిఫెండర్ చేతికి తగిలి బంతి మళ్లీ బయటికి పోతే, బంతి వేసిన జట్టుకే ఇంకో త్రో-ఇన్ వస్తుంది. కానీ అది మామూలు త్రో-ఇన్, వంతు మాత్రం ముందే ఖర్చయిపోయింది. ‘మాకు బంతే అందలేదు, బాణం ఎందుకు తిప్పారు’ అని కోచ్‌లు గట్టిగా అడిగేది ఈ సందర్భంలోనే. ప్రశాంతంగా ఒక్క మాటలో చెప్పాలి: కోర్టులో బంతి తాకింది.

అదే డిఫెండర్ బంతిని కావాలని కాలితో తంతే, అది రూలు ప్రకారం తాకినట్టు కాదు. వయొలేషన్ అతనిది, త్రో-ఇన్ మళ్లీ వేసే జట్టుకే, బాణం కదలదు. పొరపాటున కాలికి తగిలితే అది వయొలేషన్ కాదు, మామూలుగా తాకినట్టే, బాణం తిరుగుతుంది. తేడా రెఫరీ విజిల్‌ని బట్టి ఉంటుంది కాబట్టి స్కోరర్ ఆ క్షణంలో విజిల్ వినాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. బాణం ఎరుపుది. హెల్డ్ బాల్, ఎరుపు జట్టు సైడ్‌లైన్ నుంచి బంతి వేసింది. లోపల ఎరుపు ఆటగాడు, నీలం ఆటగాడు ఇద్దరూ ఒకేసారి ఆ బంతిని పట్టుకున్నారు. మళ్లీ హెల్డ్ బాల్. బంతి తాకగానే ఎరుపు వంతు అయిపోయింది కాబట్టి ఈసారి నీలం వాళ్లది. కానీ స్కోరర్ తల వంచి ఏదో రాసుకుంటున్నాడు, బాణం ఇంకా ఎరుపు వైపే ఉంది. రెఫరీ టేబుల్ చూసి ఎరుపుకే చూపించేస్తాడు. మధ్యలో గడిచింది ఒక్క సెకను. అందుకే వంతు త్రో-ఇన్ జరుగుతున్నంతసేపూ స్కోరర్ పెన్ను కింద పెట్టి, ఒక చెయ్యి బాణం మీద ఉంచాలి. రాయాల్సింది తర్వాత రాసుకోవచ్చు. అసిస్టెంట్ స్కోరర్ పక్కనుంచి ‘తాకింది’ అని పైకి చెప్పాలి. బాణం మీద చెయ్యి మాత్రం స్కోరర్ ఒక్కడిదే. ఇద్దరు తిప్పితే రెండుసార్లు తిరిగి మొదటికొస్తుంది. తిరిగిందని ఇద్దరూ అనుకుంటారు కాబట్టి ఈ తప్పు ఎవరికీ కనపడదు.

ఫౌల్ వేరు, వయొలేషన్ వేరు

వంతు త్రో-ఇన్ మధ్యలో ఏదైనా జరిగితే ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఫౌలా, వయొలేషనా?

బంతి ఇంకా ఎవరూ తాకకముందు ఏ జట్టు ఫౌల్ చేసినా వంతు పోదు. డిఫెండర్ పట్టుకుని లాగినా అంతే. బంతి వేసే జట్టువాడే డిఫెండర్‌కి అడ్డం నిలబడబోయి (స్క్రీన్) గుద్ది ఫౌల్ తెచ్చుకుని, బంతి అవతలివాళ్లకి పోయినా అంతే. బంతి పోతుంది, బాణం మాత్రం వాళ్లదే. ఇది న్యాయంగా అనిపించకపోవచ్చు, కానీ ఫౌల్‌కి శిక్ష విడిగా ఉంది. దాని మీద వంతు కూడా తీసేస్తే రెండు శిక్షలవుతాయి.

బంతి వేసే జట్టు వయొలేషన్ చేస్తే వంతు పోతుంది. 5 సెకన్లలో వెయ్యకపోవడం, లైన్ దాటి లోపలికి రావడం, పక్కలకి మొత్తం ఒక మీటరు దాటి జరగడం, వేసిన బంతిని ఇంకెవరూ తాకకముందే తనే తాకడం, బంతి ఎవరికీ తగలకుండా బయటికి పోవడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. విజిల్ పడగానే బాణం తిప్పాలి. బంతి అదే చోటు నుంచి అవతలి జట్టుకి ఇస్తారు.

ఇక్కడ ఇంకో గుంత ఉంది. అవతలి జట్టుకి వచ్చిన ఆ త్రో-ఇన్ వాళ్ల వంతు కాదు, వయొలేషన్ వల్ల వచ్చింది. వాళ్ల వంతు బాణంలో భద్రంగా ఉంది. ఆ బంతి లోపల తాకగానే అలవాటుగా మళ్లీ తిప్పేస్తే లెక్క తలకిందులవుతుంది. ఒక్కో సంఘటనకి ఒక్కసారే తిప్పాలి.

క్వార్టర్ల మధ్యా, హాఫ్ టైమ్‌లో

క్వార్టర్ ముగిసేసరికి బాణం ఎవరిదైతే వాళ్లే తర్వాతి క్వార్టర్ మొదలుపెడతారు. టేబుల్‌కి ఎదుటి సైడ్‌లైన్ దగ్గర, సెంటర్ లైన్‌కి చెరోవైపు ఒక్కో కాలు పెట్టి నిలబడి బంతి వేస్తారు. బ్యాక్‌కోర్ట్‌కైనా (తాము కాపాడుకునే సగం) ఫ్రంట్‌కోర్ట్‌కైనా (దాడి చేసే సగం) వెయ్యొచ్చు. ఇదీ వంతే. లోపల తాకగానే బాణం తిరుగుతుంది. కొత్తగా టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు హెల్డ్ బాల్‌కి గుర్తుపెట్టుకుని తిప్పుతారు గానీ క్వార్టర్ ఆరంభంలో మర్చిపోతారు. అక్కడ విజిల్ ఉండదు, బొటనవేళ్లు ఉండవు, గుర్తు చేసేదేమీ ఉండదు.

క్వార్టర్ల మధ్య విరామంలో టెక్నికల్ ఫౌల్ పడితే ఒక ఫ్రీ త్రో వేయించి, బాణం ప్రకారమే క్వార్టర్ మొదలుపెట్టాలి. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ పడితే రెండు ఫ్రీ త్రోలు, ఆపైన ఫౌల్‌కి గురైన జట్టుకి ఫ్రంట్‌కోర్ట్‌లో త్రో-ఇన్ లైన్ దగ్గర బంతి. ఆ క్వార్టర్ అలా మొదలైంది కాబట్టి వంతు ఖర్చు కాలేదు, బాణం తిప్పకూడదు.

హాఫ్ టైమ్‌లో జట్లు రింగులు మార్చుకుంటాయి. వంతు అదే జట్టుది, దాడి చేసే దిక్కు మారింది. అందుకని రెండో క్వార్టర్ ముగిసిన వెంటనే స్కోరర్ బాణం ఒకసారి తిప్పాలి. ఇది వంతు మార్చడం కాదు, దిక్కు సరిచేయడం. తర్వాత మూడో క్వార్టర్ బంతి లోపల తాకగానే రెండోసారి తిప్పాలి. ఇది వంతు మార్చడం. ఒకటి మర్చిపోతే తప్పు జట్టుకి వంతు పోతుంది. హాఫ్ టైమ్‌లో స్కోరర్ ఒకసారి తిప్పి నీళ్లు తాగడానికి వెళ్తే, ‘అయ్యో తిప్పలేదేమో’ అని ఇంకొకరు తిప్పినా అదే కథ. తిప్పే ముందు రెఫరీని పిలిచి, ‘ఎరుపు వాళ్లదే, దిక్కు మారుస్తున్నా’ అని చెప్పి, అతని కళ్లముందే తిప్పడం మంచి అలవాటు. ఇంతకంటే ఖాయమైన మందు లేదు.

ఒక ఆట నడిచే తీరు

టేబుల్ దగ్గర కూర్చుని కోర్టు వైపు చూస్తున్నామనుకుందాం. షెడ్యూల్‌లో మొదట పేరున్న జట్టు ఎరుపు. రూలు ప్రకారం వాళ్ల బెంచీ, వాళ్లు కాపాడుకునే రింగు మన ఎడమవైపు. కాబట్టి మొదటి హాఫ్‌లో ఎరుపు కుడివైపు దాడి చేస్తుంది. ఎరుపు వంతు అంటే బాణం కుడికి, నీలం వంతు అంటే ఎడమకి.

టాస్‌లో బంతి నీలానికి దక్కింది. బాణం కుడికి, అంటే ఎరుపుది. మొదటి క్వార్టర్ 6:40 దగ్గర హెల్డ్ బాల్. ఎరుపు వేసింది, లోపల తాకింది, బాణం ఎడమకి. క్వార్టర్ ముగిసింది. రెండో క్వార్టర్ నీలం మొదలుపెట్టింది, తాకింది, బాణం కుడికి. 3:15 దగ్గర బంతి బయటికి పోయింది, ఎవరు తాకారో తేలలేదు, ఎరుపుకి ఇచ్చారు. బంతి వదలకముందే నీలం ఆటగాడు ఫౌల్ చేశాడు. ఇది ఫౌల్, బాణం కదలదు, కుడివైపే. ఫౌల్ త్రో-ఇన్‌లో బంతి లోపల తాకినా తిప్పకూడదు. హాఫ్ ముగిసింది. ఎరుపు ఇప్పుడు ఎడమవైపు దాడి చేస్తుంది కాబట్టి బాణం ఎడమకి తిప్పాలి, వంతు ఇంకా ఎరుపుదే. మూడో క్వార్టర్ ఎరుపు మొదలుపెట్టింది, తాకింది, బాణం కుడికి, ఇక నీలం వంతు.

దీన్ని సరిచూసుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది. మొదటి బాణం ఏ జట్టుదో రాసుకోవాలి. అప్పటినుంచి ఖర్చయిన వంతులు లెక్కపెట్టాలి, త్రో-ఇన్ వయొలేషన్‌తో పోయినవి కూడా కలిపి. సరి సంఖ్య అయితే మళ్లీ మొదటి జట్టుదే, బేసి అయితే రెండో జట్టుది. పై ఆటలో హాఫ్ టైమ్‌కి రెండు ఖర్చయ్యాయి, సరి సంఖ్య, కాబట్టి ఎరుపుది. మూడో క్వార్టర్ మొదలయ్యాక మూడు, నీలానిది. అనుమానం వచ్చినప్పుడు వాదన అక్కర్లేకుండా తేల్చేది ఈ లెక్కే.

అందుకే స్కోర్‌షీట్ కాకుండా పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకోవాలి. ఒక్కో వంతుకి ఒక్కో వరుస: క్వార్టర్, టైమ్, కారణం, ఎవరు వాడుకున్నారు, ఇప్పుడు ఎవరిది. ‘1, 6:40, హెల్డ్, ఎరుపు వాడింది, ఇప్పుడు నీలం.’ ఒక ఆటకి పది పదిహేను వరుసల చోటు చాలు. బంతి తాకి, బాణం తిప్పాక రాయాలి, ముందు కాదు.

రెఫరీ ఏం చెయ్యాలి

బాణం తిప్పేది స్కోరర్ కాబట్టి లెక్క అతనిదే అనుకుంటే ఎప్పుడో ఒకసారి కోర్టు మధ్యలో చిక్కుకుంటారు. రెఫరీ తన లెక్క తనూ పెట్టుకోవాలి. చాలామంది చేసేది జేబు పద్ధతి. ఒక నాణెమో చిన్న రబ్బరు బ్యాండో ఉంచుకుని, ఎరుపు వంతు అయితే కుడి జేబులో, నీలం వంతు అయితే ఎడమ జేబులో వేసుకుంటారు. బ్యాండుని చేతి మణికట్టు నుంచి మణికట్టుకి మార్చేవాళ్లూ ఉన్నారు. ఏ పద్ధతైనా మంచిదే, ఒక్క షరతు: జేబుని దిక్కుతో కాదు, జట్టు రంగుతో కట్టాలి. దిక్కుతో కడితే హాఫ్ టైమ్‌లో దాన్నీ మార్చాలి, మర్చిపోతారు. రంగుతో కడితే హాఫ్ టైమ్‌లో ముట్టుకోనక్కర్లేదు. టేబుల్ దగ్గర బాణం దిక్కుతో నడుస్తుంది, మీ జేబు రంగుతో నడుస్తుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన లెక్క ఒకటే అయితే నమ్మొచ్చు.

హెల్డ్ బాల్ పిలిచినప్పుడు వరుస ఇలా ఉండాలి: విజిల్, బొటనవేళ్లు, ఆగి టేబుల్ వైపు చూపు, జేబుతో సరిపోయిందా అని ఒక్క తలపు, అప్పుడు వేలు, దాంతోపాటే రంగు పైకి చెప్పడం. వేలు ముందు లేచి చూపు తర్వాత వెళ్తే తప్పు చూపించాక వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. దానివల్ల మాట పోతుంది. విజిల్ వెయ్యని రెఫరీ ఆ సమయంలో బంతిని చూడక్కర్లేదు. టేబుల్ చూసి తలూపితే చాలు. బంతి ఇచ్చే రెఫరీ, బంతి తాకాక తర్వాతి డెడ్ బాల్‌లో (ఆట ఆగినప్పుడు) ఒకసారి బాణం తిరిగిందో లేదో చూసుకోవాలి. ప్రతి క్వార్టర్ ముగియగానే, బెంచీల వైపు వెళ్లకముందే, రెఫరీలు స్కోరర్‌తో రంగు పేరు పైకి అనుకోవాలి.

షాట్ క్లాక్ (షాట్ కొట్టడానికి జట్టుకున్న సెకన్లు చూపే గడియారం) మాట కూడా కలిపి చూసుకోవాలి, ఎందుకంటే బాణం తప్పితే అదీ తప్పుతుంది. ఆడుతున్న జట్టుకే బాణం వస్తే షాట్ క్లాక్ మిగిలిన సెకన్ల నుంచే నడుస్తుంది. అవతలి జట్టుకి వస్తే, వాళ్ల బ్యాక్‌కోర్ట్‌లో త్రో-ఇన్ అయితే 24, ఫ్రంట్‌కోర్ట్‌లో అయితే 14. షాట్ కొట్టిన బంతి రింగు దగ్గర ఇరుక్కుని బాణం కొట్టిన జట్టుకే వస్తే 14.

బాణం వస్తువు గురించి

ఫీబా పరికరాల నిబంధన ప్రకారం బాణం కనీసం 100 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, వెలిగితే ఎర్రగా కనపడాలి, టేబుల్ మధ్యలో అందరికీ కనిపించేలా ఉండాలి. స్కూల్ గ్రౌండ్‌లో ఇది దొరక్కపోతే చేసుకోవచ్చు. దళసరి అట్ట లేదా ప్లైవుడ్‌తో ఒక అడుగు పొడవు బాణం కోసి, రెండువైపులా ఎర్రరంగు వేసి, నిలువు మేకు మీద గుండ్రంగా తిరిగేలా చెక్కదిమ్మకి బిగించాలి. ఇలా ఒకే బాణం తిరిగితే వెనక కూర్చున్న స్కోరర్‌కీ, కోర్టులో రెఫరీకీ అది ఒకే రింగు వైపు చూపిస్తుంది. కాగితం మీద బాణం గీసి బోర్డుకి తగిలిస్తే వెనకున్నవాళ్లకి కనపడదు, తిప్పిందీ లేనిదీ తెలియదు.

ఆరుబయట కోర్టుల్లో గాలికి అట్ట బాణం తనంతట తనే తిరుగుతుంది. ఎవరి బ్యాగో తగిలినా తిరుగుతుంది. బట్టలకి పెట్టే క్లిప్పు ఒకటి మేకు దగ్గర పెడితే నిలుస్తుంది. ఇంకొకటి, టేబుల్ దగ్గర ‘కుడికి పెట్టు, ఎడమకి పెట్టు’ అని మాట్లాడుకోవడం మానాలి. టేబుల్‌కి ఎదురుగా నిలబడ్డ రెఫరీ కుడి, స్కోరర్‌కి ఎడమ. ‘ఎరుపుది, నీలంది’ అనాలి.

తప్పు జరిగిపోతే

బాణం నీలంది, బంతి పొరపాటున ఎరుపుకి ఇచ్చారు. బంతి ఇంకా లోపల ఎవరూ తాకకముందు గమనిస్తే ఆపి సరిచెయ్యాలి, నీలానికి ఇవ్వాలి. లోపల తాకాక గమనిస్తే ఇక సరిచెయ్యడానికి లేదు, ఆట సాగాల్సిందే. కానీ నీలం తన వంతు కోల్పోదు. వాళ్లు దాన్ని వాడుకోలేదు కదా. బాణం నీలం వైపే ఉండాలి, తర్వాతి వంతు వాళ్లదే. అంటే ఈ ఒక్క సందర్భంలో బంతి తాకినా తిప్పకూడదు. అప్పటికే అలవాటుకొద్దీ తిప్పేసి ఉంటే వెనక్కి తిప్పి, పక్క కాగితంలో ‘తప్పు, ఎరుపుకి ఇచ్చారు, వంతు నీలందే’ అని రాయాలి. తర్వాత ఇంకొకరు సరి-బేసి లెక్కపెట్టినప్పుడు ఈ వరుసని వదిలేయాలి.

బాణం తప్పుగా తిప్పినట్టు ఆట సాగుతుండగా గుర్తొస్తే స్కోరర్ వెంటనే హారన్ కొట్టకూడదు. మొదటి డెడ్ బాల్ దాకా ఆగి, రెఫరీని పిలిచి, కాగితం చూపించి, అతను ఒప్పుకున్నాకే సరిచెయ్యాలి. ఎవరికీ చెప్పకుండా మెల్లగా తిప్పెయ్యడం అన్నిటికంటే చెడ్డది. రెఫరీ జేబు ఒకటి చెబుతుంది, టేబుల్ ఇంకొకటి చెబుతుంది, రెండు బెంచీలూ చూస్తూనే ఉంటాయి.

వేరే చోట్ల

అమెరికా హైస్కూల్, కాలేజీ ఆటల్లో బాణం ఉంది గానీ ఓవర్ టైమ్ జంప్ బాల్‌తో మొదలవుతుంది, అక్కడ బాణం కొత్తగా పెట్టుకోవాలి. ఫీబాలో పాత బాణమే ఓవర్ టైమ్‌కి కొనసాగుతుంది. అమెరికాలో మన పిల్లల ఆటలకి వాలంటీర్‌గా టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు ముందు ఈ తేడా కనుక్కోవాలి. ఎన్‌బీఏలో బాణమే లేదు. హెల్డ్ బాల్‌కి జంప్ బాల్ వేస్తారు. ఆరంభ టాస్ గెలిచిన జట్టు నాలుగో క్వార్టర్, ఓడిన జట్టు రెండు, మూడు క్వార్టర్లు మొదలుపెడతాయి. జట్టుకి ముగ్గురు ఆడే 3x3లోనూ బాణం లేదు. హెల్డ్ బాల్ అయితే బంతి డిఫెన్స్ జట్టుకి ఇస్తారు. ఒకే కోర్టులో, ఒకే టేబుల్ మీద ముందు ఐదుగురి ఆట, తర్వాత 3x3 జరిగే టోర్నీల్లో, ఆట మారగానే బాణాన్ని టేబుల్ మీంచి తీసి పక్కన పెట్టాలి.